మార్షల్ పాస్, రోడ్డు ఫెయిల్: తారు మిక్స్‌లో డస్ట్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

సైట్_కుర్రాడు (మంగళవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను క్వాలిటీ కంట్రోల్‌లో చేరి మూడేళ్లవుతోంది. పల్నాడు వైపు ఒక రోడ్డు పని. డీబీఎం (కింది తారు పొర) మీద 40 ఎంఎం బీసీ గ్రేడింగ్-2 (పై తారు పొర) వేశాం, వీజీ-30 రకం తారుతో. మార్చిలో పని అయిపోయింది. జూన్‌లో రెండు గట్టి వానలు పడ్డాయో లేదో, సుమారు 3 కిలోమీటర్ల ముక్కలో చిప్స్ లేచిపోవడం మొదలైంది. అంచున చీపురుతో ఊడిస్తే తట్టెడు రాళ్లు వస్తున్నాయి. మిగతా 8 కిలోమీటర్లు బాగానే ఉంది.

రిపోర్టులు చూస్తే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఆ ముక్క వేసినప్పటి మార్షల్ స్టెబిలిటీ (మిక్స్ బిళ్ల ఎంత బరువు ఓర్చిందో) 15.2 కిలో న్యూటన్లు, ఫ్లో (అప్పటికి ఎంత అణిగిందో) 3.1 ఎంఎం, ఎయిర్ వాయిడ్స్ (లోపలి గాలి ఖాళీలు) 4.1 శాతం. ఎక్స్‌ట్రాక్షన్‌లో (మిక్స్‌లోంచి తారును సాల్వెంట్‌తో కడిగి తీసే పరీక్ష) తారు 5.4 శాతం, గ్రేడింగ్ (ఏ సైజు రాయి ఎంత శాతమో) హద్దుల్లోనే ఉంది. అన్నీ పాస్. బాగున్న ముక్కలో స్టెబిలిటీ 12 మాత్రమే! అంటే రిపోర్టులో గట్టిగా ఉన్నదే రోడ్డు మీద ఊడిపోయింది.

మా వాళ్లు తారు సరఫరా చేసినవాళ్లను తిడుతున్నారు, కన్సల్టెంట్ గారు పేవర్‌ను (మిక్స్ పరిచే యంత్రం) తిడుతున్నారు, ఇద్దరూ కలిసి నన్ను తిడుతున్నారు. సోమవారం మీటింగ్ ఉంది, ఒకటే టెన్షన్. ఎక్కడ నుంచి వెతకాలి?

ప్లాంట్_బాబాయ్ (రాత్రి 10:05)

తమ్ముడూ, రిపోర్టులు పక్కన పెట్టు. నీకు కళ్లున్నాయి కదా, ఆ రోజు మిక్స్ ఎలా ఉంది? మూడు ప్రశ్నలు.

టిప్పర్‌లో కుప్ప ఎలా నిలబడింది? తారు సరిగ్గా ఉన్న మిక్స్ టిప్పర్‌లో పడ్డాక కాస్త జారి కూర్చుంటుంది. ఎండిన మిక్స్ ఇసుక కుప్పలా మొన తేలి నిలబడుతుంది. చల్లారిన మిక్స్ కూడా అలాగే నిలబడుతుంది కాబట్టి టెంపరేచర్ కూడా చెప్పు. రంగు నల్లగా మెరిసిందా, లేక మట్టి పులిమినట్టు గోధుమగా ఉందా? మూడోది, మధ్యలో క్రషర్ మార్చారా?

22 ఏళ్లుగా హాట్ మిక్స్ ప్లాంట్ల దగ్గరే ఉన్నాను. ఊడిపోయే రోడ్డు టిప్పర్‌లోనే చెబుతుంది.

సైట్_కుర్రాడు (రాత్రి 10:31)

బాబాయ్, మీరు అక్కడే నిలబడి చూసినట్టు అడిగారు. కుప్ప మొన తేలే ఉంది. టెంపరేచర్ మాత్రం 155 పైనే, థర్మామీటర్ నేనే పెట్టాను. రంగు గోధుమే. పేవర్ వెనక స్క్రీడ్ (మిక్స్‌ను సమం చేసే వేడి పలక) కింద సన్నగా చీరుకుపోయినట్టు గీతలు కూడా వచ్చాయి. ఆపరేటర్ ‘స్క్రీడ్ వేడెక్కలేదు సార్’ అన్నాడు, నేనూ నమ్మేశాను.

క్రషర్ కూడా మారింది. మొదటి క్రషర్‌లో బ్రేక్‌డౌన్ వస్తే ఇంకో చోట నుంచి తెచ్చారు. అదీ గ్రానైటే. అక్కడ వీఎస్ఐ (రాయిని రాయితో కొట్టి షేప్ చేసే క్రషర్) ఉంది, రాయి షేప్ చాలా బాగుందని అందరం సంతోషించాం. మాది బ్యాచ్ ప్లాంట్, పొగలోని పొడిని పట్టే బ్యాగ్ ఫిల్టర్ నుంచి వచ్చే డస్ట్ మళ్లీ మిక్స్‌లోకే వెళ్తుంది. జేఎంఎఫ్‌లో (ఈ పనికి ఒప్పుకున్న మిక్స్ ఫార్ములా) 2 శాతం సిమెంట్ ఫిల్లర్‌గా (ఖాళీలు నింపే సన్న పొడి) ఉంది.

ప్లాంట్_బాబాయ్ (రాత్రి 10:38)

ఇంకేం. దొంగ దొరికాడు. ల్యాబ్ వాళ్లెవరైనా వచ్చి చేతులకు సంకెళ్లు వేస్తే సరిపోతుంది.

ల్యాబ్_రాణి (బుధవారం, ఉదయం 7:15)

సంకెళ్లు నా దగ్గరున్నాయి బాబాయ్ గారూ 😀

తమ్ముడూ, రెండే అడుగుతాను. 75 మైక్రాన్ జల్లెడ మీద కడిగి చూశారా, పొడిగానే ఊపి చూశారా? ఎక్స్‌ట్రాక్షన్‌లో సెంట్రిఫ్యూజ్ నుంచి బయటికొచ్చిన ద్రావణంలోకి జారిపోయిన సన్న పొడిని లెక్కలోకి తీసుకున్నారా?

ఎందుకంటే, పొడిగా ఊపితే సన్నటి డస్ట్ కంకర ఒంటికి పౌడరు రాసుకున్నట్టు అంటుకునే ఉంటుంది, జల్లెడ దాటదు. నేను పనిచేసిన చోట్ల డ్రై సీవింగ్‌లో 5 వచ్చిన సాంపిల్ కడిగితే 8 దాటడం ఎన్నోసార్లు చూశాను.

రెండోది ఇంకా తమాషా. 1000 గ్రాముల మిక్స్ వేశారనుకుందాం. కడిగి ఆరబెట్టిన రాయి 943 గ్రాములు, ఫిల్టర్ రింగ్ బరువు 3 గ్రాములు పెరిగింది. మిగిలిన 54 గ్రాములూ తారే అని రాసేస్తాం, 5.4 శాతం, సంతకం, అయిపోయింది. కానీ ఫిల్టర్‌ను కూడా దాటి ద్రావణంతో పాటు పోయిన పొడి ఉంది చూడండి, అది కూడా తారు ఖాతాలో పడిపోయింది! ఆ ద్రావణంలో కొంత తీసి, కాల్చి, మిగిలిన బూడిద తూచి, మొత్తానికి లెక్కగట్టి తారులోంచి తీసేయాలి. డస్ట్ తక్కువున్న మిక్స్‌లో ఈ తప్పు చిన్నది. డస్ట్ పెరిగేకొద్దీ తారు ‘ఎక్కువ’ కనిపిస్తుంది. డస్ట్ తనను తాను దాచుకుని, తారు లోటును కూడా దాచేస్తుందన్నమాట.

నిలవ సాంపిల్ ఉంటే ఈ రెండూ చేసి చూడండి. చేతికి గ్లవుజు, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేకుండా మాత్రం ఆ సాల్వెంట్ జోలికి పోవద్దు.

ఎంటెక్_రెండో_ఏడు (ఉదయం 8:50)

ఒక సందేహం సార్/మేడమ్. ఫిల్లర్ పెరిగితే మాస్టిక్ (తారు, ఫిల్లర్ కలిసిన ముద్ద) గట్టిపడుతుంది, స్టెబిలిటీ పెరుగుతుంది, రట్టింగ్ (టైర్ల దారిలో గుంట పడటం) తగ్గుతుంది అని చదువుకున్నాం. మరి 15 కిలో న్యూటన్లు రావడం మంచిదే కదా? వీజీ తారుకు 9 ఉంటే చాలు, ఇక్కడ ఎంతో ఎక్కువే ఉంది.

పాత_ఏఈ (ఉదయం 11:20)

అమ్మాయీ/అబ్బాయీ, ఎవరైనా సరే, మంచి ప్రశ్న. కొంచెం తీరిగ్గా చెబుతాను, రిటైరైనవాడిని, నాకు వేరే పనేముంది.

స్టెబిలిటీ అంటే 60 డిగ్రీల నీళ్లలో నానిన బిళ్లను పక్క నుంచి నొక్కితే ఎంత బరువుకు ఓడిపోయిందన్న కొలత. బ్రూస్ మార్షల్ అమెరికాలోని మిసిసిపీ రోడ్ల శాఖలో దీన్ని మొదలుపెట్టాడు, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి ఆర్మీ ఇంజనీర్లు విమానాల రన్‌వేల కోసం సాగదీశారు. తారు మరీ ఎక్కువైపోకుండా చూసుకోవడం అప్పటి బాధ. వానకు రాయి ఊడుతుందా, పదేళ్లకు పగులుతుందా అన్నది ఆ బిళ్లను అడిగితే అది చెప్పదు. గట్టిదనం కావాలంటే రొట్టె ఎండబెట్టినా వస్తుంది.

ఇప్పుడు డస్ట్ సంగతి. మా ఆవిడ కొత్త బియ్యం బస్తా తెచ్చిన రోజు ఎసరు తగ్గిస్తుంది. పాత బియ్యమైతే గ్లాసుకు ఇంకో అర గ్లాసు పోస్తుంది. అదే గ్లాసు బియ్యం, తాగే నీళ్లు వేరు. ఫిల్లర్ కూడా అంతే. రాతి పొడి, సిమెంట్, తడి సున్నం (హైడ్రేటెడ్ లైమ్, నీళ్లు తాగించి పొడి చేసిన సున్నం), బ్యాగ్ ఫిల్టర్ డస్ట్ అన్నీ 75 మైక్రాన్ జల్లెడ దాటతాయి, కానీ ఒక్కోటి తాగే తారు ఒక్కోలా ఉంటుంది.

దీన్ని కొలిచే పద్ధతిని రిగ్డెన్ అనే ఆయన 1947లో ఇచ్చాడు. పొడిని చిన్న అచ్చులో వేసి బాగా దట్టిస్తే, గింజల మధ్య ఇంకా ఖాళీ మిగులుతుంది కదా. ఆ ఖాళీని నింపే తారు అక్కడే బందీ అయిపోతుంది, దాని వల్ల రాయికి ఒరిగేదేమీ లేదు. అది పోగా మిగిలిందే స్వేచ్ఛగా కదిలే తారు. రాయిని రాయికి అంటించేది, వేసవిలో సాగేది, చలికి పగలకుండా కాపాడేది అదే. మామూలు రాతి పొడిలో ఆ ఖాళీ 30–40 శాతం దగ్గర ఉంటుంది. తడి సున్నంలో 60–70. అందుకే సున్నం కొంచెం వేసినా మాస్టిక్ అంత బిగుస్తుంది.

ఇంకో చిత్రం ఉంది. డస్ట్‌లో అతి సన్నని భాగం, రాయి చుట్టూ ఉన్న తారు పొర మందం కంటే చిన్నది, తారులో మునిగిపోయి తారు ఎక్కువున్నట్టు ప్రవర్తిస్తుంది. కొంతవరకు వేస్తే మిక్స్ మెత్తబడి, తొందరగా దిగి, ‘రిచ్’గా కనిపిస్తుంది. అది చూసి ఎవరో తెలివిగా తారు తగ్గిస్తారు. ఇంకా వేస్తే ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. మధ్యలో గీత ఎక్కడుందో పొడిని బట్టి మారుతుంది. అందుకే ‘ఫిల్లర్ మంచిదా చెడ్డదా’ అని అడిగితే నేను జవాబు చెప్పను, ‘ఎంత తారుకు?’ అని తిరిగి అడుగుతాను. తారూ డస్టూ వేర్వేరు సరుకులని అనుకోవడమే అసలు పొరపాటు. రాయికి అంటుకునేది ఆ రెండూ కలిసిన ముద్ద.

నేను_రోజూ_పోయే_రోడ్డు (మధ్యాహ్నం 1:10)

నేను ఇంజనీర్ని కాను, ఊరికే చదువుతున్నా. మా ఊరి దగ్గర దీనికి పూర్తి రివర్స్ అండి. ఏప్రిల్ వస్తే రోడ్డు చెప్పుకు అంటుకుంటుంది, లారీ టైర్ల దారిలో నల్లగా అద్దంలా మెరుస్తుంది, వానొస్తే బైకు జారుతుంది. మా దగ్గర డస్ట్ తక్కువేశారంటారా?

ప్లాంట్_బాబాయ్ (మధ్యాహ్నం 1:42)

తారు కారడం అంటాం దాన్ని. డస్ట్ తక్కువ, తారు ఎక్కువ అయితే ఒక కారణం. టైర్లు నొక్కీ నొక్కీ లోపలి ఖాళీలు 2 శాతం కిందికి దిగితే తారు పైకి రాక ఎక్కడికి పోతుంది? కింద ట్యాక్ కోట్ (పొరలు అంటుకోవడానికి చల్లే తారు) బకెట్లతో గుమ్మరించినా ఇదే. చూడకుండా ఏదని చెప్పలేను. బైకు మీద జాగ్రత్త, బ్రేకు మెల్లగా వేయండి.

దోహా_నుంచి (సాయంత్రం 6:25)

ఆలస్యంగా చూశాను, ఇక్కడ పగలు సైట్‌లో ఫోన్ ముట్టుకోలేం. ఏఈ గారు చెప్పిన ‘ఎంత తారుకు?’ అన్నదానికి సూపర్‌పేవ్ అనే అమెరికా మిక్స్ డిజైన్ పద్ధతిలో ఒక సంఖ్య ఉంది. 75 మైక్రాన్ జల్లెడ దాటిన పొడి శాతాన్ని ‘పనికొచ్చే తారు’ శాతంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. మామూలుగా 0.6 నుంచి 1.2 మధ్య ఉండాలి, ముతక గ్రేడింగ్‌కు 1.6 వరకు ఒప్పుకుంటారు. పనికొచ్చే తారు అంటే వేసిన మొత్తంలోంచి రాయి లోపలికి పీల్చుకున్నది తీసేయగా మిగిలింది.

మన మార్షల్ డిజైన్ పట్టికలో స్టెబిలిటీ, ఫ్లో, వాయిడ్స్, వీఎంఏ (రాళ్ల మధ్య మొత్తం ఖాళీ), వీఎఫ్‌బీ (అందులో తారు నిండిన వాటా), టీఎస్ఆర్ (నీళ్లలో నానాక బిళ్లకు మిగిలే బలం శాతం) ఉంటాయి. ఈ నిష్పత్తి లెక్క చేయమని ఎవరూ అడగరు, కాబట్టి ఎవరూ చేయరు. బీసీ గ్రేడింగ్-2లో 75 మైక్రాన్‌కు హద్దు 4 నుంచి 10. తారు కనీసం 5.4. డస్ట్ 9.5 ఉన్నా గ్రేడింగ్ పాసే, తారు 5.4 ఉన్నా పాసే, రెండూ కలిపితే మాత్రం సర్వనాశనం.

ఇక్కడ ఖతార్‌లో మేం వాడే గాబ్రో రాయి ఒమన్, ఫుజైరా నుంచి ఓడల్లో వస్తుంది. దాని డస్ట్ ఒక్కో షిప్‌మెంట్‌కు ఒక్కోలా ఉంటుంది. అందుకే ప్రతి లాటూ కడిగి చూశాకే ప్లాంట్‌కు పంపుతాం.

సైట్_కుర్రాడు (శుక్రవారం, రాత్రి 8:15)

రెండు రోజులు ల్యాబ్‌లోనే ఉన్నాను. రాణి మేడమ్, మీరు చెప్పినట్టే చేశాను, ఫ్యూమ్ హుడ్ కిందే 😀

ఊడిన ముక్క వేసిన రోజు నిలవ పెట్టిన సాంపిల్:
డ్రై సీవింగ్‌లో 75 మైక్రాన్ కింద 5.2. కడిగితే 8.7!
ఎక్స్‌ట్రాక్షన్ ద్రావణాన్ని కాల్చి బూడిద తూచితే 1000 గ్రాములకు 3 గ్రాములు వచ్చింది. అంటే తారు 5.4 కాదు, 5.1.

జేఎంఎఫ్‌లో 75 మైక్రాన్ 5.5 ఉంది, అనుమతించిన తేడా ప్లస్ ఆర్ మైనస్ 1.5. మేం పోల్చి చూసింది 4–10 హద్దుతో! జేఎంఎఫ్‌తో పోల్చి ఉంటే, అదీ కడిగి ఉంటే, మొదటి రోజే ఎర్ర జెండా పడేది.

కొత్త క్రషర్ డస్ట్‌ను విడిగా కడిగాను. అందులో 14 శాతం 75 మైక్రాన్ జల్లెడ దాటింది. పాత క్రషర్‌ది 8. మిక్స్‌లో ఈ క్రషర్ డస్ట్ (ఇసుక సైజు నుంచి సన్న పొడి దాకా అంతా కలిపి) వాటా 45 శాతం.

ల్యాబ్_రాణి (రాత్రి 9:00)

శభాష్. లెక్క కుదిరింది చూడండి. పాత క్రషర్‌తో 45లో 8 శాతం అంటే 3.6, సిమెంట్ నుంచి సుమారు 1.9, మొత్తం 5.5. జేఎంఎఫ్ అదే. కొత్తదాంతో 6.3, సిమెంట్ 1.9, చిప్స్ ఒంటికి అంటుకొచ్చింది ఓ అరశాతం. 8.7 వచ్చేసింది. ఎవరూ దొంగతనం చేయలేదు, కూడిక చేయలేదు అంతే.

తారులో రాయి 0.3 పీల్చుకుంటుందనుకుంటే, డిజైన్‌లో పనికొచ్చే తారు 5.1, నిష్పత్తి 5.5ను 5.1తో భాగిస్తే 1.08. బాగుంది. ఊడిన ముక్కలో పనికొచ్చేది 4.8, నిష్పత్తి 8.7ను 4.8తో భాగిస్తే 1.8!

దోహా_నుంచి (రాత్రి 9:34)

పొర మందం కూడా వేసి చూశాను. పాత లెక్కల్లో 75 మైక్రాన్ దాటే డస్ట్‌కు ఉపరితల గుణకం 32.77 అని వాడతారు. అంటే ప్రతి 1 శాతం డస్ట్‌కు, కిలో రాయికి 0.33 చదరపు మీటరు కొత్త ఒళ్లు పూయాలి. మీ 3.2 శాతం పెరుగుదలకు కిలోకు ఒక చదరపు మీటరుకు పైనే. గ్రేడింగ్ మధ్య గీతలో ఉందనుకుని లెక్కేస్తే తారు పొర దాదాపు 7 మైక్రాన్ల నుంచి 5.5 చేరువకు పడిపోయింది. రాళ్లకు పూసే తారు తగ్గింది, పూయాల్సిన ఒళ్లు పెరిగింది. గోధుమ రంగుకు అర్థం అదే.

ఎయిర్ వాయిడ్స్ మాత్రం 4.1 దగ్గరే ఎందుకున్నాయంటే, తారు ఖాళీ చేసిన చోట డస్ట్ కూర్చుంది. వాయిడ్స్ చూసేవాళ్లకు గాలి కనిపిస్తుంది కానీ మిగతా చోటులో ఏముందో కనిపించదు.

క్రషర్_నడిపేవాడిని (రాత్రి 10:50)

అందరూ కలిసి క్రషర్ వాళ్లను ఉరి తీసేలా ఉన్నారే! వీఎస్ఐ కావాలన్నది మీరే, ఫ్లేకినెస్ (పలక రాళ్ల శాతం) తగ్గాలన్నది మీరే. రాయిని రాయితో కొట్టి పాచిక ఆకారానికి తెస్తే పొడి రాక ఇంకేం వస్తుంది? నాకు వచ్చిన ఆర్డర్‌లో ‘డస్ట్, ఇన్ని టన్నులు’ అని తప్ప 75 మైక్రాన్ ఎంతుండాలో ఒక్కరూ రాయరు. రాస్తే ఎయిర్ క్లాసిఫైయర్ (గాలితో సన్న పొడిని వేరు చేసే యంత్రం) పెట్టి తీసిస్తాం, రేటు కూడా అలాగే ఉంటుంది.

పైగా డస్ట్ అంతా ఒకటి కాదు. రాతి పొడి వేరు, పైన మట్టి పొర సరిగ్గా తీయకుండా కొట్టిన క్వారీ డస్ట్ వేరు. బంకమట్టి కలిసిన పొడి 5 శాతం ఉన్నా రోడ్డు తింటుంది. మీ తమ్ముడి సాంపిల్‌లో ప్లాస్టిసిటీ (బంకతనం) చూశారా?

సైట్_కుర్రాడు (రాత్రి 11:02)

చూశాం అన్నా. నాన్ ప్లాస్టిక్. శాండ్ ఈక్వివలెంట్ (మట్టి ఎంత తక్కువుందో చెప్పే పరీక్ష) 61, కనీసం 50 ఉండాలి. మట్టి సమస్య కాదు. మీరన్నది నిజమే, ఆర్డర్‌లో మేం ఏమీ రాయలేదు.

పాత_ఏఈ (శనివారం, ఉదయం 6:30)

క్రషర్ బాబు చెప్పిందాంట్లో న్యాయముంది. మా రోజుల్లో డ్రమ్ ప్లాంట్లలో సన్న పొడంతా పొగగొట్టంలోంచి పక్క పొలాల మీదో, నీళ్ల గుంటలోనో పడేది. ఊళ్లో వాళ్లు గొడవ చేసేవాళ్లు, రోడ్డు మాత్రం డస్ట్ తక్కువై మెత్తగా ఉండేది. బ్యాగ్ ఫిల్టర్ వచ్చాక గాలి బాగుపడింది, ఆ పొడి మాత్రం మళ్లీ మిక్స్‌లోకే వచ్చింది. డిజైన్ చేసేవాళ్లు ఆ మార్పును చాలాచోట్ల పుస్తకంలో రాసుకోలేదు.

ఇక మందు సంగతి. గ్రానైట్ ఆమ్ల గుణం ఉన్న రాయి, నీళ్లంటే దానికి ప్రేమ, తారు మీద అంత లేదు. సిమెంట్ తీసేసి తడి సున్నం వేయండి. పిడుగురాళ్ల పక్కనే పెట్టుకుని సున్నం కోసం వెతుక్కోవాలా? టీఎస్ఆర్ 80 రాకపోతే 2 శాతం సున్నం వేయమని మోర్త్ (కేంద్ర రోడ్డు రవాణా శాఖ) స్పెసిఫికేషన్లలో కూడా ఉంది.

దోహా_నుంచి (ఉదయం 8:05)

సార్, సున్నానికి నేనూ సరే. అమెరికాలో జార్జియా, నెవాడా లాంటి రాష్ట్రాలు ఎప్పటి నుంచో వాడుతున్నాయి. కానీ రెండు శాతం? మీరే అన్నారు, దాని ఖాళీ 60–70 అని. ఇప్పుడున్న డస్ట్ మీద 2 శాతం సున్నం పోస్తే అది ఉన్న తారంతా తాగేస్తుంది. 1 శాతంతో మొదలుపెట్టి, టీఎస్ఆర్ చూసి, కావాలంటే పెంచాలి. అదీ ముందు డస్ట్ తగ్గించాక.

పాత_ఏఈ (ఉదయం 8:40)

స్పెసిఫికేషన్‌లో 2 అని ఉంటే 2 వేసి, తారు డిజైన్ మళ్లీ చేసుకోవాలంటాను నేను. తారు 0.2 పెరిగితే పెరగనీ. ఒకటి వేసి ఆడిట్ వాళ్లకు జవాబు చెప్పేది మీరు కాదు కదా, అక్కడ సముద్రం పక్కన కూర్చుని.

దోహా_నుంచి (ఉదయం 8:44)

😀 అది మాత్రం ఒప్పుకుంటాను. అయితే సార్, 2 శాతం అన్నది టీఎస్ఆర్ ఫెయిలైనప్పుడు. వీళ్లది డిజైన్‌లో పాసైంది.

ఎంటెక్_రెండో_ఏడు (ఉదయం 10:10)

అలసట లెక్కలో (బండ్ల బరువుకు వంగీ వంగీ రోడ్డు ఎప్పటికి పగులుతుందో) ఇది ఎంత తేడా తెస్తుందో చూద్దామని, రోడ్డు పొరల డిజైన్ పుస్తకం ఐఆర్‌సీ:37-2018లో ఉన్న ‘సి’ గుణకం వేశాను. తారు ఘనపరిమాణాన్ని, తారు ప్లస్ గాలి మొత్తంతో భాగించి, 0.69 తీసేసి, 4.84తో గుణిస్తే వచ్చేది 10 మీద ఘాతం. గాలి 3.5, పనికొచ్చే తారు 11.5 అయితే సి = 2.35. గాలి 5, తారు 10 అయితే 0.77. గాలి, తారు కలిసిన మొత్తం రెండింటిలోనూ 15 శాతమే, జీవితకాలం మాత్రం మూడు రెట్లు తేడా!

పాత_ఏఈ (ఉదయం 10:32)

లెక్క సరిగ్గా ఉంది. కానీ అది కింద ఉండే డీబీఎం అడుగు పొరకు పెట్టుకున్న సమీకరణం. వీళ్ల పై పొరలో చిప్స్ ఊడటానికి దాన్ని అంటగట్టకు. మీటింగ్‌లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. డీబీఎంకు కూడా అదే క్రషర్ డస్ట్ వాడారేమో మాత్రం కుర్రాడు వెంటనే చూసుకోవాలి.

సైట్_కుర్రాడు (ఉదయం 10:50)

చూశాను సార్, గుండె ఆగినంత పనైంది. లేదు, డీబీఎం మొత్తం పాత క్రషర్‌తోనే అయిపోయింది.

ప్లాంట్_బాబాయ్ (మధ్యాహ్నం 12:20)

ప్లాంట్‌లో చేయాల్సింది నేను చెబుతా. రెండు క్రషర్ల డస్ట్‌ను విడివిడిగా రెండు కోల్డ్ బిన్లలో (వేడి చేయకముందు కంకర నింపే తొట్లు) పెట్టి, అక్కడి నుంచి కలపండి. బ్యాగ్ ఫిల్టర్ పొడి నేరుగా ఎలివేటర్‌లో పడుతుంటే దాన్ని తప్పించి సైలోకు మళ్లించి, తూచి వేయండి, మిగిలింది బయటికి. తూకం లేకుండా తిరిగొచ్చే పొడి ఒకసారి గుప్పెడు, ఒకసారి గంపెడు వస్తుంది, ముఖ్యంగా ప్లాంట్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన మొదటి బ్యాచ్‌ల్లో. హాట్ బిన్ (వేడి చేశాక కంకర సైజుల వారీగా పడే తొట్టి) సాంపిల్ కడగకుండా బిన్ శాతాలు మార్చొద్దు.

ఇంకోటి, ఇది చాలామంది చేస్తారు. మిక్స్ గోధుమగా కనిపిస్తే ఆపరేటర్ బర్నర్ పెంచుతాడు, 180కి తీసుకెళ్తే నల్లగా మెరుస్తుంది. వీజీ-30 మిక్స్ 165 దాటకూడదు. ఆ మెరుపు తారు కాలిన మెరుపు. ముసలాయనకు జుట్టుకు రంగు వేసినట్టు, వారం ఉంటుంది.

సైట్_కుర్రాడు (తర్వాతి వారం గురువారం, రాత్రి 9:20)

మీటింగ్ అయింది. మొదటి అరగంట ఎవరూ వినలేదు. తర్వాత ఒక పని చేశాను. కొత్త క్రషర్ డస్ట్ పిడికెడు గ్లాసు నీళ్లలో వేసి ఊపి టేబుల్ మీద పెట్టాను. పాత క్రషర్‌ది ఇంకో గ్లాసులో. పాతది మజ్జిగ తేటలా ఉంది, కొత్తది చిక్కటి పాలలా. కన్సల్టెంట్ గారు కళ్లజోడు తీసి చూశారు. ఆ తర్వాత పేవర్ మాట ఎత్తలేదు.

నిన్న 200 మీటర్ల ట్రయల్ వేశాం. రెండు క్రషర్ల డస్ట్ కలిపి, సిమెంట్ తీసేసి, 1 శాతం తడి సున్నంతో (ఏఈ గారూ క్షమించండి, టీఎస్ఆర్ 88 వచ్చింది). బ్యాగ్ పొడి తూచి వేశాం. కడిగి చూస్తే 75 మైక్రాన్ 5.9. తారు, బూడిద తీసేశాక, 5.5. నిష్పత్తి 1.13. ఫ్లో 3 ఎంఎం, వాయిడ్స్ 4.

స్టెబిలిటీ 12.4. ‘15 నుంచి 12కు పడిపోయిందేంటి?’ అని పైనుంచి వెంటనే ఫోన్ వచ్చింది! ఆయనకు బియ్యం, ఎసరు కథ చెప్పాను. నవ్వి పెట్టేశారు, నమ్మారో లేదో తెలియదు.

ఊడిన 3 కిలోమీటర్లలో ఎక్కువ పాడైన చోట గీకి మళ్లీ వేయాలని, మిగతాచోట వానలు తగ్గాక ఎమల్షన్‌తో (నీళ్లలో కలిపిన తారు) ఫాగ్ స్ప్రే (పల్చగా చల్లడం) చేసి కనిపెట్టుకుని ఉండాలని తేల్చారు. ఫాగ్ స్ప్రే ఎంత మోతాదులో చేయాలి, జారుడు రాకుండా మీద సన్న ఇసుక చల్లాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. దానికి వేరే పోస్టు పెడతాను.

ప్లాంట్_బాబాయ్ (రాత్రి 9:31)

అన్నీ చెప్పావు, అసలుది చెప్పలేదు. టిప్పర్‌లో కుప్ప?

సైట్_కుర్రాడు (రాత్రి 9:33)

జారి కూర్చుంది బాబాయ్. ఫోటో తీశాను, రేపు పెడతా.